చెట్టుకు లేని దురద

అక్టోబరు వస్తే మా మందుల కొట్టుకి
అందరూ పుట్టగొడుగులు తెస్తారు,
బుట్టల్లో, టోపీల్లో, తడిసిన పేపర్లలో.
తినొచ్చా, చస్తామా?
మా ఊళ్ళో మందులమ్మేవాళ్ళకి ఇదొక వెట్టి.

బెట్టిరి మాత్రం చేతులు తెచ్చాడు.

గాజు బల్ల మీద పెట్టాడు రెండూ,
ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా,
తూకం వేయమన్నట్టు.
వేళ్ళ సందుల్లో చిట్లిన ఎరుపు,
మణికట్టు దాటిన దద్దుర్లు.
కనురెప్పలు వాచి, రాత్రంతా ఏడ్చినవాడిలా ఉన్నాడు.
ముప్పై ఏళ్ళుగా ఇరాటి అడవిలో చెట్లు కొడుతున్నవాడు,
కాలి మీద దుంగ పడిననాడు కూడా
ఒక్క తిట్టుతో సరిపెట్టుకున్నవాడు.

"సబ్బు మార్చాను. కుక్కని బయట కట్టేశాను.
మోలెయోన్ డాక్టరు నరాల బలహీనత అన్నాడు.
చెట్టుకు లేని దురద గొడ్డలికెందుకని
మా గషుషా నవ్వుతోంది.
ఎండాకాలం ఏమీ ఉండదు.
వాన మొదలైతే మొదలు."

వాన మొదలైతే మొదలు.
ఆ ఒక్క మాటే రాసుకున్నాను చీటీ మీద.

ఆదివారం కొట్టు మూసి అతని వెనకే ఎక్కాను.
సముద్రం ఇక్కడికి కనపడదు,
కానీ తెల్లారేసరికి పొగమంచై లోయంతా ఎక్కి వస్తుంది.
బీచ్ చెట్లవి నున్నటి బూడిద ఒళ్ళు.
పడమటి పక్క మాత్రం ఎప్పుడూ చెమ్మ.
అక్కడ కనిపించింది,
తుప్పునీళ్ళు ఒలికి ఎండినట్టు
అరచేయంత ఒక మరక, పళ్ళెమంత ఇంకొకటి.

"నాచేగా" అన్నాడు.
నాచు కాదు. నాచు కాడ చుట్టూ ఆకులు తొడుక్కుంటుంది.
ఇది బెరడుకి పొట్ట ఆనించి పాకుతుంది.
లివర్‌వర్ట్.
భూతద్దం కంటికి పెట్టుకుని
చెట్టుని ముద్దాడేంత దగ్గరికి పోతే గానీ
తనూ ఒక మొక్కేనని ఒప్పుకోదు.
ఇటొక వరస, అటొక వరస, పెంకులు నేసినట్టు ఆకులు.
గోటితో తిరగేశాను.
దీని గుట్టంతా కడుపు వైపే:
ఆకు ఆకు కిందా బోర్లించిన బుల్లి శిరస్త్రాణం,
దాంట్లో దాచుకున్న ఒక్క గుటక వాన.

రాత్రి సూక్ష్మదర్శిని కింద
ఆకు నడుమ ఎర్రటి కణాలు బారుగా కనిపించాయి,
ఎవరో కుట్టు వేసి దారం తెంపడం మరిచినట్టు.
ఆ కుట్టు లేకపోతే దీని చుట్టం.
ఉంది.
ఫ్రుల్లానియా తమరిస్కి.

పొట్లం మీద పెన్సిలుతో రాశాను:
చెట్టు, బీచ్. ముఖం, పడమర.
ఎత్తు, మనిషి భుజమంత.

భుజమంత అని రాసి ఆగాను.

"కొట్టే ముందు నువ్వేం చేస్తావు బెట్టిరీ?"
సిగ్గుపడ్డాడు.
"చెంప ఆనించి వింటాను.
లోపల బోలుగా ఉంటే పిడితో తడితే తెలుస్తుంది.
మా వాళ్ళంతా అంతే."

కొట్టినందుకు కాదయ్యా,
ఆనుకున్నందుకు.

పేరు విని, ఎవరిదీ పేరు అన్నాడు.
ఎవరో ఇటలీ మంత్రిదట అన్నాను.
"అదీ సంగతి, ముట్టుకుంటే దురద" అని
వాచిన కళ్ళతోనే నవ్వాడు.
తొడుగులిచ్చాను, లేపనం ఇచ్చాను,
తడి బెరడు జోలికి పోవద్దన్నాను.
పోకుండా ఎలా బతుకుతాడో నేను చెప్పలేదు, అతను అడగలేదు.

నవంబరులో మళ్ళీ గంట మోగింది.
తోలు తొడుగుల చేతుల్లో నలిగిన పొట్లం.
"ఇది పచ్చగా ఉంది. వాగు పక్క రాయి మీద దొరికింది.
తొడుగు తీసి, ఊరికే, ఒక వేలితో ముట్టుకుని చూశాను.
మూడు రోజులైంది. ఏమీ కాలేదు.
ఏమిటిది?"

నాకు తెలియదు.
పుట్టగొడుగుల వరసని వెనకాల ఆగమని
ఇద్దరం ఒకే భూతద్దం మీదికి వంగాం.
పొట్లం మీద ముందుగా అతని మాటే రాశాను:
దురద పెట్టలేదు.